కొమ్మ మొదట్లో కందిరీగలు

నాట్లకు కూలీలు దిగకముందే గట్ల మీది చెట్లలో కందిరీగల తుట్టెలు కాల్చడం మా బాన్సువాడ వైపు మామూలే. వంగి నాటేవాళ్లను కుడితే పని ఆగిపోతుంది. కానీ కాలువ ఊటనీళ్లు మడుగు కట్టే మూలనున్న తుమ్మచెట్టును మాత్రం మా అత్త ముట్టనిచ్చేది కాదు. దాని కింద కాస్త జాగా నాటకుండా వదిలేసేది.

ఎందుకని అడిగితే, "ఉండనీయ్ పిల్లా, నీకేం అడ్డమొచ్చినయ్?" అనేది. నాకు ఒళ్లు మండేది. ఈమెకు కందిరీగల మీద ఇంత ప్రేమేమిటి అనుకునేదాన్ని.

నా ప్రాణమంతా ఆ చెట్టు మీది గిజిగాళ్ల మీదే. మడుగు మీదికి వంగిన కొమ్మ చివర వాటి గూళ్లు వేలాడేవి. అదే కొమ్మ మొదట్లో అరచేయంత తుట్టె. పోయిన వానాకాలం గూళ్లలో పిల్లలు కిచకిచమంటుంటే, ఆ విషప్పురుగులు ఎప్పుడు ఏ పిల్లను కుడతాయోనని నాకు ఒకటే భయం. అత్త బిచ్కుందలో చుట్టాలింటికి పోయిన మర్నాడు, పొద్దు పొడవకముందే వెదురుగడకు గోనె చుట్టి, డీజిల్లో ముంచి అంటించి, తుట్టెను మాడ్చేశాను. గూళ్లకు సెగ కూడా తగలనివ్వలేదు. భలే పని చేశానని పొంగిపోయాను.

మర్నాడు పొద్దున గిజిగాళ్ల అరుపులు విని పరిగెత్తాను. అయ్యో, ఏం చూశాను! జెర్రిపోతు ఒకటి మాడిన తుట్టె మీదుగానే పాకి, గూటి గొట్టంలో తల దూర్చింది. ఒక గూడయ్యాక ఇంకో గూడు. మడుగు మీది కొమ్మ చివరికి నా గడ అందలేదు. మట్టిపెడ్డలు విసిరాను, గొంతు పోయేలా అరిచాను. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. అది దిగిపోయేసరికి చిట్టచివరి గూట్లో మాత్రమే కిచకిచలు మిగిలాయి.

ఆ పూటే బస్సు దిగి వచ్చిన అత్త, కాలిన కొమ్మను చూసి తల పట్టుకుంది.

"ఎంత పని చేసినవ్ పిల్లా! గా కందిరీగలుండబట్టే గదా పాముగానీ కాకిగానీ అటు దిక్కు రాకపోయేది. అవి ఉన్న కొమ్మ చూసుకునే గిజిగాళ్లు గూళ్లు కడతయి."

"ముందుగాల ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"నీకు తెల్వదని నాకేం ఎరుక? నువ్వు కూడ ఎవుసం చేసే ఇంట్ల పుట్టినదానివే గదా!"



ఆ ఒక్క గూడునైనా దక్కించుకోవాలని గడ పట్టుకుని రెండు రోజులు చెట్టు దగ్గరే కూర్చున్నాను. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాను. మూడో రోజు వాన దంచికొడితే మోటారు కొట్టంలోకి పోయి నిలబడ్డాను. ఎంతసేపని, వాన తగ్గేదాకా. తిరిగి వచ్చేసరికి గూడు చీలిపోయి ఉంది. జెముడుకాకి ఒకటి బరువుగా ఎగిరి మడుగు ఒడ్డున జమ్ముగడ్డిలోకి దిగింది.

తల్లిపిట్ట నోట పురుగుతో వచ్చి ఆ చీలిక దగ్గర వేలాడింది. లోపలికి చూసింది. పురుగును మింగలేదు, పడేయలేదు. పొద్దు గూకేదాకా దాన్ని నోట పట్టుకునే గూటి చుట్టూ తిరిగింది. దాని పిల్లల్ని కాపాడదామనే కాల్చానని దానికి నేనేం చెప్పను?