చెక్కపెట్టెలో మూగబోయిన బజర్

2017 జూన్‌లో నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బదిలీ చేశారు. నేను పనిచేసింది ఒక ప్రైవేటు పారిశ్రామిక శిక్షణ సంస్థలో, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌గా. సంస్థకు ఆత్మకూరులో పెద్ద శాఖ, ఉదయగిరి కొండ కింద చిన్న శాఖ ఉండేవి. బదిలీ ఉత్తర్వులో ‘ఉద్యోగి కోరిక మేరకు’ అని రాశారు. నేను ఏమీ కోరలేదు. ఆ మాట కొట్టేయమని పలుమార్లు రాతపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు. రిటైరైన తరువాత కూడా ఒకసారి అడిగాను.

ఆత్మకూరులో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ పెంచలయ్య. మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. అతను పొద్దున సంతకం పెట్టాడు. వింజమూరు దగ్గర నా బస్సు టైరు పంక్చరై నేను మధ్యాహ్నం పెట్టాను. ఆ పూట తేడాతో అతను సీనియర్ అయ్యాడు. ఒకసారి ల్యాబులో విద్యార్థులందరి ముందూ నేను సోల్డర్ చేసిన బోర్డును వెలుతురుకు పట్టి, “ఏందిరా రమణయ్యా, ఇవి టంకాలా, మేక పెంటికలా?” అన్నాడు. వెనక బెంచీ మొత్తం నవ్వింది. ఆ బెంచీలో ఎవరెవరు కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

ఉదయగిరిలో నేను శనివారం మధ్యాహ్నాలు హాబీ సర్క్యూట్ల క్లబ్బు నడిపేవాణ్ణి. నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారం, చీకటి పడితే వెలిగే దీపం, చిన్న రేడియో, ఇలాంటివి చేయించేవాణ్ణి. సిలబస్‌లో లేని పని కాబట్టి ఎవరూ మెచ్చుకోలేదు, నేను ఆశించనూ లేదు. రెండో ఏడు చేరికలు తగ్గాయని చెప్పి, ఉదయగిరి ట్రేడును ఆత్మకూరులో కలిపేయాలని యాజమాన్యం ఆలోచించింది. కమిటీ వచ్చి చూసి నిర్ణయిస్తుందన్నారు. కలిపితే నేను పెంచలయ్య కింద పనిచేయాలి. రోజూ అతని బల్ల దగ్గరికి వెళ్లి హాజరు సంతకం పెట్టాలి. రిటైరయ్యేదాకా ఆ యోగం తప్పదు.

కమిటీకి చూపించడానికి నా దగ్గర ఒకటే మంచి వస్తువు ఉంది: క్విజ్ బజర్. నాలుగు జట్లకు నాలుగు బటన్లు. ఎవరు ముందు నొక్కితే వాళ్ల దీపం వెలిగి, బజర్ మోగి, మిగతా మూడు బటన్లూ పనిచేయకుండా ఆగిపోతాయి. ముందు నేనంటే నేనని తగాదా ఉండదు. ఆత్మకూరులో ఉండగా నేనే చేశాను. ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బాలో బిగించాను. మూడేళ్లుగా ఒక్కసారి కూడా మొరాయించలేదు.

మా ప్రిన్సిపాల్ గారికి ఆ డబ్బా నచ్చలేదు. ఉదయగిరి అంటే చెక్క పని అని లోకమంతా చెప్పుకుంటుంటే మనం బిస్కెట్ డబ్బా చూపిస్తామా అన్నారు. సరేనని షంషాద్ బీకి పెట్టె చేయమని చెప్పాను. ఆమె మా వీధిలోనే చెక్క గరిటెలు, ఫోర్కులు చెక్కే మనిషి. మూత మీద తీగలూ ఆకులూ చెక్కి, అంచుల్లో పూసల వరస తీర్చి ఇచ్చింది. బోర్డు, బటన్లు, బ్యాటరీ అన్నీ డబ్బాలోంచి తీసి ఎక్కడివక్కడ చెక్కపెట్టెలో బిగించాను. స్విచ్ వేశాను. పవర్ దీపం వెలిగింది. బటన్ నొక్కాను. ఏమీ లేదు. నాలుగూ నొక్కాను. నాలుగూ ఒకే మాట మీద ఉన్నాయి.

పద్ధతి ప్రకారం పరీక్షించాను. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ వోల్టేజీ సరిగ్గా ఉంది. బటన్ నొక్కినప్పుడు దాని రెండు కాళ్ల మధ్య కరెంటు దారి ఉందా అని చూశాను, మీటర్ కూసింది. బోర్డును బయటికి తీసి బల్ల మీద పెట్టి, ఒక ముక్క వైరుతో ఒక్కో ఇన్‌పుట్‌నూ నెగటివ్‌కు తాకించాను. బ్రహ్మాండంగా మోగింది. తిరిగి పెట్టెలో బిగిస్తే మూగ. బోర్డు మంచిది, బటన్లు మంచివి, బ్యాటరీ మంచిది. మిగిలింది చెక్క.

చెక్కలో తేమ ఉండి కరెంటును లాగేస్తోందని నిర్ధారించాను. షంషాద్ బీని పిలిచి, పచ్చి చెక్క వాడావని చెప్పాను. ఆమె కొంగు దోపుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“పచ్చి చెక్క ముట్టే రకం కాదు సారూ నేను. మీ ఇంట్లో నా గరిటె దినామూ పులుసులో మునుగుతా ఉండాది. ఏనాడన్నా అమ్మగారికి షాక్ కొట్టినాదా?”

అది శాస్త్రీయమైన పోలిక కాదని చెప్పాను. పెట్టెను ఎండలో పెట్టాను. బాగా ఎండింది. బజర్‌లో మార్పు లేదు.

మాకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. నెల్లూరు, కావలి, ఆత్మకూరు వైపు హాబీ సర్క్యూట్లు చేసేవాళ్లు, రేడియో మెకానిక్కులు, మాలాంటి ఇన్‌స్ట్రక్టర్లు అందులో ఉండేవాళ్లు. సమస్య రాశాను. ఒకాయన ఐసీ మార్చమన్నాడు. మార్చాను. ఇంకొకాయన కెపాసిటర్ మార్చమన్నాడు. మార్చాను. మూడో ఆయన టంకాలన్నీ మళ్లీ వేసుకోమన్నాడు; అతను ఆత్మకూరు వాడు, ఆ మాట ఎవరు చెప్పించారో ఊహించుకుని జవాబివ్వలేదు. ఫొటో పెట్టమంటే పెట్టెను ముందు వైపు నుంచి తీసి పెట్టాను. ఆ తరువాత సర్క్యూట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. పెట్టె ఎవరు చేశారు, నంబరు ఇస్తారా, పెళ్లి వాళ్లకు ఇవ్వడానికి గరిటెలు చేస్తుందా అని అడిగారు. షంషాద్ బీకి ఆ ఒక్క రోజులో ఏడాదికి సరిపడా గిరాకీ తగిలింది. నా బజర్ మాత్రం అలాగే ఉంది.

పెంచలయ్య కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. నేను రాసిందంతా చదువుతూ వచ్చాడు. చివరికి ఒకే వాక్యం పెట్టాడు: “పాత డబ్బాలో పెట్టి చూడు.”

ఇది నా స్థాయి బిస్కెట్ డబ్బా అని చెప్పడం. అంత మంది ముందు. నేను పెట్టి చూడలేదు.

కమిటీ వచ్చింది. ఛైర్మన్ ఒక పెద్ద రైతు కుటుంబం మనిషి. ఆత్మకూరు పక్కన ఆయనకు భూములున్నాయి, సర్క్యూట్ల సంగతి తెలియదు. ఆయన పక్కన కమిటీ సాంకేతిక సభ్యుడిగా దిగింది పెంచలయ్య. ఆ నియామకం గురించి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఛైర్మన్ గారు పెట్టె మీద చెక్కడాన్ని వేలితో తడిమి చూసి, బటన్ నొక్కారు. మళ్లీ నొక్కారు.

“చూసేదానికేనా ఇది?” అన్నారు.

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. చెక్కలో తేమ గురించి చెప్పడం మొదలుపెట్టాను. పెంచలయ్య మధ్యలో అందుకున్నాడు.

“డబ్బా ఏదిరా?”

“అది స్టాఫ్ రూములో ఉంది. చక్కెర పోసినారు అందులో.”

“తీసకరా. నువ్వు బిగిస్తావా, నేను బిగించనా?”

ప్రిన్సిపాల్ గారు తీసుకురమ్మని తల ఊపారు. చక్కెరను వార్తాపత్రిక మీద కుమ్మరించి డబ్బా తెచ్చాను. పెంచలయ్య చేయి పడకుండా నేనే బిగించాను. ఛైర్మన్ గారు బటన్ నొక్కగానే గది దద్దరిల్లేట్టు మోగింది. ఆయన తృప్తిపడి ప్రిన్సిపాల్ గారిని ఇంకో బటన్ పట్టుకోమన్నారు. ఇద్దరూ పోటీ పడ్డారు. ప్రతిసారీ ఛైర్మన్ గారే గెలిచారు. అది సర్క్యూట్ గొప్పతనం కాదు, ప్రిన్సిపాల్ గారి అనుభవం.

పాత డబ్బాలో రేకును చూడగానే నాకు సంగతి అర్థమైంది. దీన్ని కాస్త వివరించాలి. మోటారు సైకిల్లో ప్రతి దీపానికీ రెండు వైర్లు అక్కరలేదు. బండి ఇనుప చట్రమే నెగటివ్ వైరుగా పనిచేస్తుంది. నా డబ్బాలోనూ అంతే. నాలుగు బటన్ల ఒక్కో కాలినీ, బోర్డు నెగటివ్‌నూ రేకుకే బిగించాను. కరెంటు రేకు గుండా తిరిగి వచ్చేది. అలా ఎందుకు చేశానంటే, అప్పట్లో వైరు కావాలని స్టోర్సుకు ఇండెంటు పెడితే మంజూరు చేయలేదు. కాబట్టి ఇందులో నా తప్పేమీ లేదు. చెక్కపెట్టెలో నట్లన్నీ అవే చోట్ల బిగించాను గానీ వాటి మధ్య రేకు లేదు. చెక్క కరెంటును లాగడం కాదు, మోయనే లేదు. నేను ఎండబెట్టిన కొద్దీ ఇంకా మోయదు.

అన్నీ మళ్లీ చెక్కపెట్టెలోకి మార్చి, మూర వైరుతో నాలుగు బటన్లనూ కలిపి బోర్డు నెగటివ్‌కు వేశాను. చెక్కపెట్టె మోగింది. షంషాద్ బీకి కబురు పంపాను. తనకు ముందే తెలుసని తిరుగు కబురు పంపింది.

మధ్యాహ్నం కమిటీ తలుపు వేసుకుని కూర్చుంది. ట్రేడు ఉదయగిరిలోనే ఉంటుందని సాయంత్రం చెప్పారు. కారు ఎక్కే ముందు ఛైర్మన్ గారు నా భుజం తట్టి, పెంచలయ్య నా తరఫున గట్టిగా మాట్లాడాడని చెప్పారు. ఏం మాట్లాడాడని అడిగాను.

“నిన్ను ఆత్మకూరికి పంపీవద్దని అంతసేపూ బతిమలాడినాడయ్యా. ‘ట్రేడు ఈడే ఉండనీండి, రమణయ్యనూ ఈడే ఉండనీండి, కావాలంటే నా బడ్జెట్టులోంచి వైరు పంపిస్తా’ అన్నాడు.”

పెంచలయ్య కారు అద్దం దించి, “ఉంటా రమణయ్యా” అన్నాడు. నేను కోరుకున్నది దక్కింది, కానీ దక్కించింది ఎవరో, ఎందుకో కూడా తెలిసిపోయింది. వైరు వచ్చే వారం వచ్చింది. పూర్తి కట్ట. రసీదు మీద సంతకం పెట్టాల్సి వచ్చింది.

ఈ సంఘటన వల్ల మరమ్మతు గురించి తెలిసింది ఇది. ఏ మార్పు చేశాక చెడిందో ముందు ఆ మార్పును వెనక్కి తీసి చూడాలి; ఐసీలు ఆ తరువాత. కనిపిస్తున్న భాగాలను ఎంత పరీక్షించినా, తీసేసిన భాగం మీటరుకు చిక్కదు. సాయం అడిగేటప్పుడు పెట్టె లోపలి ఫొటో పెట్టాలి. వచ్చిన సలహాల్లో ఏది తక్కువ సమయంలో తేలిపోతుందో దాన్ని ముందు చేయాలి, ఇచ్చింది ఎవరైనా సరే. రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచికీ మొదటి రోజే ఈ సూత్రం చెప్పాను. అది ఎవరి సూత్రమో చెప్పలేదు. సిలబస్‌లో ఆ అంశం లేదు.