వెనక పేజీ పెళ్ళికొడుకు

ఎవరింట్లోనైనా సరే, డబ్బు పెట్టి కొన్న ఆఫీసు సాఫ్ట్‌వేర్ కనబడిందంటే మావయ్యకు చేతులు దురద పెట్టేవి. దాన్ని పీకేసి, ఉచితంగా దొరికేదాన్ని ఎక్కించేదాకా ఆయనకు కాఫీ కూడా సహించేది కాదు. బూటు లేసుకు కట్టిన పెన్‌డ్రైవ్ ఎప్పుడూ మెడలోనే ఉండేది. అందుకే వరస కానివాళ్ళకు కూడా ఆయన పెన్‌డ్రైవ్ మావయ్యే.

పరామర్శకు వెళ్ళినా ఇదే తంతు. కాలు విరిగి మంచాన పడ్డ పాత సహోద్యోగిని "ఎలా ఉందోయ్?" అని అడిగి, జవాబు వచ్చేలోపే అతని కంప్యూటరు ముందు బైఠాయించాడు.

"ఉత్తరాలు రాసుకోడానికి డబ్బులెందుకయ్యా? ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి ఊరికే ఇస్తుంటే!"

"నా కాలు..."

"కాలు అదే అతుక్కుంటుంది. ముందు దీని సంగతి చూడనీ."

టైపింగ్ షాపు నడిపే మేనకోడలికి మాత్రం ఈ పిచ్చి ప్రాణం మీదికొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట తన శుభలేఖను కొన్న సాఫ్ట్‌వేర్‌లో ముచ్చటగా ఒక్క పేజీలో అమర్చుకుని, అచ్చు వేయించమని మావయ్యకిచ్చింది. ఆయన తన ఉచితంలో తెరిచి, చూసుకోకుండా అచ్చు కొట్టించేశాడు. వత్తులున్న లైన్లన్నీ ఒళ్ళు చేసి కిందికి జారాయి. కార్డు తిప్పితే గానీ పెళ్ళికొడుకు కనబడడు. "అబ్బాయి ఇంకా ఖాయం కాలేదా?" అని చుట్టాలు ఒకటే ఫోన్లు.

"ఒక్క లైను జారితే కొంపలంటుకున్నాయా అమ్మలూ?"

"జారింది లైను కాదు మావయ్యా, మా ఆయన!"

అత్తారింట్లో అతన్ని ఇప్పటికీ వెనక పేజీ అల్లుడనే పిలుస్తారు. అప్పట్నుంచి ఆమె తన షాపులో కొన్న సాఫ్ట్‌వేరే వాడేది. మావయ్య మెట్లెక్కుతున్న చప్పుడు వినబడితే మానిటర్ మీద తువ్వాలు కప్పేసేది.

"దీనికేమైనా జ్వరమా?"

"దుమ్ము, మావయ్యా."

ఈమధ్య ఒకరోజు ఊళ్ళో బడి వార్షిక సంచిక మూడింటికల్లా ప్రెస్సుకు చేరాలి. తొంభై ఆరు పేజీలు. ఆలస్యమైతే పై ఏడు పని ఎదురు షాపువాడికిస్తామని హెడ్మాస్టరు ముందే చెప్పేశారు. ఆ ఒక్క పని మీదే సగం ఏడాది షాపు నడుస్తుంది. సరిగ్గా ఆ ఉదయమే సాఫ్ట్‌వేర్ గడువు తీరిపోయింది. పేజీలు చూడొచ్చట, అక్షరం కూడా మార్చకూడదట. గడువు పొడిగించుకుందామంటే కంపెనీవాళ్ళ సైటు పొద్దుట్నుంచీ "కాసేపాగి ప్రయత్నించండి" అంటోంది. దిద్దాల్సిన తప్పులేమో ఇంకా నలభై ఉన్నాయి.

పన్నెండింటికి ఆమె సిగ్గు విడిచి ఫోన్ చేసింది. "మావయ్యా, నీ పెన్‌డ్రైవ్ తీసుకుని రా."

"ఏదీ, ఇంకోసారి అనమ్మా."

పది నిమిషాల్లో వచ్చేశాడు, రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులతో. తన ఉచితాన్ని ఎక్కించి అందులో సంచిక తెరుస్తుంటే ఆమె కళ్ళు మూసుకుంది.

"ఎన్ని పేజీలొచ్చాయి?"

"తొంభై ఆరు."

ఒక్క లైను కూడా జారలేదు. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. తప్పులన్నీ దిద్ది, రెండున్నరకు సంచిక ప్రెస్సుకు వెళ్ళిపోయాక అడిగింది. "ఇదెప్పుడు బాగుపడింది?"

"మొన్ననే. నీ శుభలేఖ పుణ్యమే."

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు ఫిర్యాదులు తీసుకునే పేజీ ఒకటి తెరిచి చూపించాడు. ఎనిమిదేళ్ళ కిందట ఆయన ఇంగ్లీషులో రాసిన ఫిర్యాదు: "నా తొందరపాటు వల్ల మా మేనకోడలి పెళ్ళికొడుకు వెనక పేజీకి పోయాడు. దయచేసి ముందుకు తీసుకురండి." దాని కింద ఆమె శుభలేఖ. ఆ కింద, అందులో ఒక్క అక్షరం కూడా చదవలేని ఏయే దేశాలవాళ్ళో రాసిన జవాబులు. "ఈసారి పెళ్ళికొడుకు సగం వచ్చాడు." "క్షమించండి, ఇవాళ పెళ్ళికూతురు కూడా వెనక్కి పోయింది."

"మరి ఇంటింటికీ వెళ్ళి ఎక్కించడం?"

"ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా జారేవాడమ్మా మీ ఆయన. అన్నిట్లోనూ చూడొద్దూ?"

చిట్టచివరి జవాబు పోయిన నెలది. "పెళ్ళికొడుకు మొదటి పేజీలో ఉన్నాడు. దంపతులకు మా అందరి శుభాకాంక్షలు."

ఎనిమిదేళ్ళుగా ఈయన వస్తున్నాడంటే తువ్వాలు కప్పుతూ వచ్చానే అని ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. మావయ్య మాత్రం కొన్న సాఫ్ట్‌వేర్ వంక ఆశగా చూస్తున్నాడు.

"ఇక దీన్ని పీకెయ్యనా?"

"పీకెయ్ మావయ్యా. ముందు ఆ శుభలేఖ ఒకటి ప్రింటు తియ్యి. ఇవాళైనా మా ఆయన తన పేరు ముందు పేజీలో చూసుకుంటాడు."