నేను ఎంచి తెచ్చిన క్యాప్సూల్స్

నిరుడు వేసవిలో మా చెల్లెలు రక్తక్యాన్సర్‌తో కర్నూలు ఆసుపత్రిలో ఉంది. కీమో తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. నాది డోన్‌లో నాపరాళ్లు కొలిచే పని. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో కడుపుకు మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్స్ మూడు రకాలు చూపించారు. డబ్బాల మీద అంకెలు చదివి, అన్నిటికన్నా ఎక్కువ కోట్ల బ్యాక్టీరియా ఉన్నది తెచ్చాను.

“రాళ్లు ఎంచినట్ల ఎంచినావా అన్నా?” అని నవ్వి మింగింది.

ఆరో రోజు చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్ష ఫలితం ఎనిమిదో రోజు వచ్చింది. డాక్టరమ్మ నన్ను పిలిచి, “మేము రాయనిది ఏమన్నా ఇస్తాండావాప్పా?” అని అడిగింది.

“పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇప్పటికి పదహారు, మేడమ్,” తడుముకోకుండా చెప్పి డబ్బా ఇచ్చాను.

ఆమె డబ్బా మీద ఉన్నదంతా చదివింది. “మామూలు మనుషులకైతే ఏం కాదు. ఈమెకు తెల్లకణాలు శానా తక్కువ. దీంట్లో ఉండే బ్యాక్టీరియానే నెత్తుర్లోకి పోయిందప్పా.”

నాలుగు రోజులకు చెల్లెలు పోయింది.

“జబ్బే అట్లాంటిది, నీ తప్పేముండాది బావా,” అని ఆమె భర్త ఇప్పటికీ అంటాడు.

జబ్బు మనిషికి మంచిదని ఏదైనా ఇచ్చేముందు డాక్టరును అడగండి. చెల్లెలి మంచం నుంచి డాక్టరమ్మ గదికి పదకొండు అడుగులు. నేను రోడ్డు దాటి షాపుకు పోయాను.