మేనత్త ఇంటి కూలర్ స్విచ్చి

కొత్తగా పని నేర్చుకున్న రోజుల్లో మనిషికి ఊళ్ళో అందరి పనీ వంకరగానే కనిపిస్తుంది. జగదల్‌పూర్ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు ముగించుకుని నేను కొంటాకు తిరిగొచ్చిన వేసవిలో నా చూపు అలాగే ఉండేది. మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే ఆడపిల్లను, ఆ గర్వం వేరే. బస్సు దిగి ఇంటికి నడుస్తూ, ఏ కొట్టులో తీగలు వేలాడుతున్నాయో, ఏ ఇంటి బోర్డుకు టేపు చుట్టారో చూసి పెదవి విరుస్తూ వచ్చాను. వాటిలో సగం టేపుల తాత పనే. ఒకప్పుడు టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు కాబట్టి ఆ పేరు. అవి పోయాక ఊరి కరెంటు పనులన్నీ ఆయన చేతికొచ్చాయి. ఆయన బిగించిన బోర్డు ఒక్కటి కూడా గోడ మీద నిటారుగా ఉండదు. (ఆ బోర్డుల వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.)

నా మొదటి పని మేనత్త ఇంట్లో దొరికింది. ముందుగదిలోకి కూలర్ కొన్నారు, దానికి విడిగా ఫ్యూజు ఉన్న స్విచ్చి బోర్డు ఒకటి కావాలి. మామ టేపుల తాతను పిలుస్తానంటే అత్త ఒప్పుకోలేదు. చదువుకున్న పిల్ల ఇంట్లోనే ఉండగా బయటివాళ్ళెందుకని మామ నోరు మూయించింది. నేను రెండు రోజులు ఆ గోడ ముందే గడిపాను. మట్టం చూసి గీత గీసి, తీగలు పరిచే చెక్క పట్టీ వెంట్రుకవాసి తేడా లేకుండా కొట్టాను. గోడ తెల్లగా ఉంది కాబట్టి తీగలు రెండూ తెల్లవే కొన్నాను. కరెంటు తెచ్చే తీగ ఒక రంగు, తిరిగి పోయే తీగ ఇంకో రంగు ఉండాలని ఐటీఐలో మొదటి వారమే చెప్తారు. ఎర్ర తీగ ఆ గోడకు అసహ్యంగా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. తీగలు బిగించే వేళకు ఊళ్ళో కరెంటు లేదు. రెండు తెల్ల తీగల్లో ఒకదాన్ని 'కరెంటు తెచ్చేది ఇదేలే' అనుకుని ఫ్యూజుకూ స్విచ్చికీ కలిపేశాను. కరెంటు వచ్చాక స్విచ్చి వేస్తే కూలర్ తిరిగింది, తీస్తే ఆగింది. టెస్టర్ జేబులోనే ఉంది, బయటికి తీయలేదు. పక్కింటివాళ్ళు వచ్చి అచ్చం జగదల్‌పూర్ ఇళ్ళలా ఉందన్నారు. నేను ఫొటో తీసి మా బ్యాచ్ మొత్తానికి పంపాను.

నాలుగో రోజు పొద్దున అత్త కూలర్‌లో నీళ్ళు పోస్తుంటే షాక్ కొట్టింది. బిందె ఒక మూలకు, అత్త ఒక మూలకు పడ్డారు. ప్రాణానికేం కాలేదు గానీ మణికట్టు విరిగింది. నేను పరుగెత్తేసరికి అత్త ఒకటే మాట అంటోంది.

"స్విచ్ బంద్ చేసినంకనే పోసిన బిడ్డా."

మామ కంగారులో చేతికందిన స్విచ్చులన్నీ నొక్కేశాడు, అంతకుముందు ఏది ఎలా ఉందో ఎవరికీ తెలియదు. నేను చేయవలసింది బోర్డు విప్పి చూడడం. చేసింది మాత్రం, సర్టిఫికెట్ ఉన్న గొంతుతో, "బంద్ చెయ్యలేదత్తా, మర్చిపోయినవ్" అనడం.

అత్త నమ్మింది. ఈ పనిలో నన్ను ఇప్పటికీ తలెత్తుకోనివ్వనిది అదే. ఆ రోజు నుంచి తన మతి మీద తనకే అనుమానం పట్టుకుంది. తలుపు గొళ్ళెం పెట్టి మళ్ళీ వెళ్ళి చూసుకునేది. మామ అన్నం ముందు కూర్చుని, పప్పులో ఉప్పు వేశావా, అదీ మర్చిపోయావా అని రోజూ ఆటపట్టించేవాడు. అత్త ఒంటిచేతి వంటకు సాయం వెళ్ళే నేనూ ఆ పంక్తిలోనే కూర్చుని, వంచిన తల ఎత్తకుండా తినేదాన్ని. (అప్పటికి నాకు లోపల అనుమానం మొదలైంది. అందుకే బోర్డు జోలికి పోలేదు.)

వారం తర్వాత టేపుల తాత అత్తను చూడ్డానికి వచ్చాడు. షాక్ కొట్టినప్పటి నుంచి ఎవరూ ముట్టని ఆ కూలర్ స్విచ్చి తీసి ఉండగానే దాని ఇనుప డబ్బాకు టెస్టర్ ఆనించాడు. లైటు వెలిగింది. లోపల మోటారు తీగ ఒకచోట తొడుగు ఊడి డబ్బాకు తగులుతోంది. తర్వాత నా బోర్డు విప్పి చూశాడు. నన్ను వాకిట్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు.

"పని మస్తు సక్కగున్నది బిడ్డా. స్విచ్ తప్పు తీగకు పడ్డది. బంద్ చేసినా కరెంట్ కూలర్ల ఉంటనే ఉన్నది."

ఆయనే తీగలు మార్చాడు, తొడుగు ఊడిన చోట టేపు చుట్టాడు, కూలర్‌కు ఎర్త్ తీగ కూడా వేశాడు. లోపల ఎవరితోనూ ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుంటూ, ఎవరు చెప్పాలో నాకు తెలుసు కదా అని మాత్రం అడిగాడు. నేను తలూపాను. తలూపి మూడు వారాలు నోరు విప్పలేదు.

కట్టు విప్పే రోజు అత్తను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎలా పడ్డావని నర్సమ్మ హిందీలో అడిగింది. అత్త నవ్వుతూ, మతిమరుపు వచ్చిందనీ, స్విచ్చి తీయడం మర్చిపోయాననీ చెప్పింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

"నువ్వు బంద్ చేసినవత్తా. తప్పు నాది. తీగ నేనే తప్పు కలిపిన."

అత్త నవ్వు ఆగిపోయింది. ఎన్నాళ్ళ నుంచి తెలుసని అడిగింది. చెప్పాను. ఇంటి దగ్గర ఆటో దిగాక అత్త కొంగు సర్దుకుని అంది.

"ఈ మాట మీ మామకు నువ్వే చెప్పాలె. నేను పక్కన నిలబడి ఇంట."

ముందుగదిలో, నా అందమైన గోడ ముందు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒకచోట గొంతు తగ్గితే అత్త మళ్ళీ చెప్పించింది. మామ లేచి బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళాడు. ఆ వేసవంతా కూలర్‌కు నీళ్ళు ఆయనే పోశాడు. అత్త మంచం మీద కూర్చుని, ఇంకో బిందె పడుతుందని చెప్తుండేది.

ఇప్పుడు దోర్నపాల్‌లో నాకు సొంత కొట్టు ఉంది. ఆ ఫొటో పాత ఫోన్‌తోనే పోయింది, పోయినందుకు బాధ లేదు. ఎప్పుడైనా ఆ ఐటీఐ పిల్ల గుర్తొస్తే ముందు సిగ్గేస్తుంది, ఆ తర్వాత, అత్త చేయి చక్కగా అతుక్కుంది కాబట్టి, కొద్దిగా నవ్వొస్తుంది.