ఉరుకుందప్ప మామ కుట్టేసిన చివరి పేజీలు

ఉరుకుందప్ప మామ దగ్గర పుస్తకం తీసుకున్నవాడెవడూ దాన్ని ఇంట్లో పూర్తి చేయలేడు. చివరి ఎనిమిది పేజీలనూ మామ మగ్గం నూలుతో కుట్టేసి మరీ ఇస్తాడు.

ఎమ్మిగనూరులో యాభై ఏళ్లు చీరలు నేసి, ఇప్పుడు కల్లూరులో మా వీధిలో ఉంటున్నాడు. ఆయనకు రెండు బీరువాల పుస్తకాలున్నాయి, ఒక్కో పుస్తకానికి ఒక్కో చీరముక్క అట్ట. దసరా వెళ్లి, వానలు వెనకబట్టి, ఎండ కాస్త మెత్తబడ్డాక ఆ బీరువాలు తెరుస్తాడు. శనివారం పొద్దున పుస్తకం ఇస్తాడు. ఆదివారం సాయంత్రం చదివినవాడు ఆయన అరుగెక్కి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటూ, కథంతా మొదటి నుంచి చెప్పాలి. విన్నవాళ్లు ముగింపు ఊహించాలి. ఆ తర్వాతే కత్తెర బయటికొస్తుంది, చివరి పేజీలు పైకి చదవాలి.

"గట్టిగా చెప్పప్పా, నాకు చెవుడు" అని రెండు నిమిషాలకోసారి అంటాడు. మేం గొంతు చించుకునేవాళ్లం. ఆటో నడిపే ఏసురాజు ఒకసారి దయ్యం కథ చెబితే మూడు వీధుల కుక్కలు లేచాయి. "బాగుండాది గానీ, ఇంకొంచెం గట్టిగా" అన్నాడు మామ.

ఆ అరుగుకు ఆనుకునే పక్కింటి కిటికీ ఉంది. ఆ ఇంట్లో ఉండేది రిటైరైన టీచరు సుబ్బక్క. రెండేళ్లుగా గడప దాటలేదు. ఆమెకు మనుషులంటే గిట్టదని వీధంతా తీర్మానించేశాం. మా కేకలకు ఒక్కసారైనా తిట్టలేదేమిటా అని మాత్రం అనుకునేవాళ్లం.

నా పేరు మునీంద్ర, బ్యాంకు ఉద్యోగం, ఓపిక తక్కువ. ఏడేళ్లుగా ఒక్కడే బావి తవ్వుతున్న రైతు కథ నా చేతికొచ్చింది. నీళ్లు పడ్డాయో లేదో తెలియకుండా ఆదివారం దాకా ఆగడం నా వల్ల కాలేదు. బ్లేడుతో దారం కోసి, చదివేసి, మా ఆవిడ సూదీదారంతో మళ్లీ కుట్టి ముడి వేశాను. ఆదివారం పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పట్టుకెళ్లాను.

మామ పుస్తకం తెరవలేదు. ముడిని ఒకసారి బొటనవేలితో తడిమాడు.

"ఇది గోతాం ముడి మునీంద్రా. నేత ముడి కాదు."

"దారం వదులైంటే బిగించినా మామా."

"తెగిన పోగులు అతుక్కుంటా బతికినోనికి చెప్తాండావు. మూడు వారాలు నీకు పుస్తకం లేదు, పో."

నలభై ఏళ్లవాణ్ణి, బెంచీ ఎక్కించినట్టయింది. వీధంతా తిరిగి సమ్మె లేవదీశాను. కుట్టకుండా ఇస్తేనే అరుగెక్కుదామన్నాను. అందరికీ గొంతు నొప్పులున్నాయేమో, వెంటనే ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఎవరూ పోలేదు. నా గెలుపు కళ్లారా చూసుకుందామని నేనొక్కణ్ణే వెళ్లాను. మామ ఖాళీ అరుగు మీద కూర్చుని, ఆ బావి కథే గట్టిగా చెబుతున్నాడు. కథ చెప్పడం ఆయనకు బొత్తిగా రాదు. రైతును అప్పటికే రెండుసార్లు చంపి, మళ్లీ తవ్విస్తున్నాడు.

"ఏమప్పా ఉరుకుందప్పా, ఈ పొద్దు ఎవరూ రాలేదా?" అంది కిటికీలోంచి సుబ్బక్క.

"వస్తారక్కా. దావలో ఉండారు."

నేను వీధిలో నిలబడి, నాకే వినపడనంత మెల్లగా "మామా" అన్నాను.

"రా మునీంద్రా" అన్నాడు వెంటనే.

నేను తెల్లబోయాను. ఆయన నన్ను పక్కకు లాగి గుసగుసగా చెప్పాడు. "రెండేండ్లాయె, ఆయమ్మకు కండ్లు కనపడవప్పా. వారానికి రెండు పుస్తకాలు చదివిన మనిషి. నేను చదివి పెడతానంటే, నీ జాలి నాకొద్దు పో అనె. మీరు చెవిటోని కోసం అరిస్తే ఆ కిటికీలో పడతాది. దాన్ని వద్దనలేదు గదా. కుట్టకుంటే మీరు ఇంట్లోనే చదివి మూసేస్తారు. ఈ ఒక్క పూట పోతే ఆయమ్మకు వారమంతా గోడలే."

నాకు చచ్చేంత సిగ్గేసింది. సిగ్గుపడినవాడికి గొంతు ఎంత లేస్తుందో ఆరోజే తెలిసింది. అరుగెక్కి కథ మొదటి నుంచి అందుకున్నాను. ఏసురాజు ఆటో ఆపాడు.

"సమ్మె ఏమాయెనన్నా?"

"అయిపోయింది, కూర్చో."

ఒక్కొక్కరే వచ్చారు. కథ ఆఖరికి చేరేసరికి అరుగు నిండి, మెట్ల మీద కూర్చున్నారు. నీళ్లు పడతాయన్నాడు ఏసురాజు. బండ పడుతుందన్నారు మిగతావాళ్లు. అప్పుడు కిటికీ మాట్లాడింది.

"నీళ్లు పడేది వాని బావిలో కాదు. వాడు తవ్విన తవ్వుడుకు ఊట కదిలి, పక్క చేనామె బావిలో ఊరతాది."

అందరూ నవ్వారు. ముగింపు దొంగతనంగా చదివిన నేనొక్కణ్ణే నవ్వలేదు. మామ దారం కత్తిరించాడు. నేను చదివాను. పొల్లుపోకుండా అదే. వీధంతా ఈలలూ చప్పట్లూ. ఆ రెండేళ్లలో ముగింపు సరిగ్గా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు మరి.

"గెలిచినోళ్లు అరుగెక్కాల. అది రూలు" అన్నాడు మామ, రూలును అప్పటికప్పుడు పుట్టించి.

పక్కింటి తలుపు తెరుచుకుంది. సుబ్బక్క గోడ పట్టుకుని వచ్చి, అందరి మధ్యా దర్జాగా కూర్చుంది.

"పక్కనోడు తవ్వుతాంటే మన బావిలో నీళ్లెట్ల ఊరేది నాకు తెలీదనుకుంటివా ఉరుకుందప్పా?"

మామ వేరుశనక్కాయల గిన్నె ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఒక కాయ ఒలుచుకుని, తనలో తాను గొణుక్కున్నట్టు "ఇంత బెల్లముంటే బాగుండు" అంది.

మామ లేచి లోపలికెళ్లి బెల్లం తెచ్చాడు. నేను తప్ప అందరూ నోళ్లు తెరిచి ఆయన్నే చూశారు.

"ఏంది చూస్తాండారు? ఏమన్నా అనేదుంటే గట్టిగా అనండప్పా, నాకు చెవుడు" అన్నాడు.