నీళ్ళలో తేలిన పెల్లెట్లు

ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరికి అరగంట దూరంలో మేము కొన్న ఇంటికి గ్యాస్ లైను లేదు. ఇల్లు వెచ్చబెట్టడానికి హాల్లో ఒక పెల్లెట్ స్టవ్ ఉంది. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి, జంతికల ముక్కల్లా చేసిన పెల్లెట్లే దానికి తిండి. ఆ చలికాలం అది రోజూ మొరాయించేది. మంట నీరసంగా వెలిగేది, గాజు తలుపు మసిబారేది, లోపల బూడిద గడ్డకట్టి రాయిలా అతుక్కునేది. చివరికి ఆరిపోయేది.

మా పాపను చూసుకోవడానికి అత్తయ్య గుంటూరు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. నా మెటర్నిటీ లీవు అయిపోవస్తోంది. పసిపిల్లల్ని చూసుకునే నర్సరీలో చోటు దొరకలేదు. ఆవిడ ఉంటేనే నేను ఉద్యోగంలో మళ్ళీ చేరగలను. ఆవిడేమో చీర మీద స్వెటర్, దాని మీద మావారి కోటు వేసుకుని సోఫాలో ముడుచుకుని కూర్చునేవారు.

"నా వల్ల కాదమ్మాయ్. ఎముకలు కొరికేస్తోంది. టికెట్ ముందుకి మార్పించండి."

"ఒక్క వారం ఆగండి అత్తయ్యా. దీని సంగతేదో తేలుస్తాను."

మావారు ఎలక్ట్రిక్ హీటర్ తెచ్చారు. అది పడగ్గదికే చాలలేదు. సర్వీసు చేసే అతను వచ్చి, పొగగొట్టంతో సహా అన్నీ చూసి, స్టవ్ లక్షణంగా ఉందన్నాడు. పెల్లెట్లు అమ్మినాయనకి ఫోన్ చేస్తే, మీరే బస్తాలు షెడ్డులో చెమ్మకి, డ్యాంప్‌లో పెట్టుంటారు, మా సరుకుకి వంక పెట్టొద్దన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని వదలకూడదనుకున్నాను.

డ్యాంప్ అన్న మాట అత్తయ్య చెవిన పడింది. మర్నాడు ఎండ కాసింది. నేను పాపను టీకాలకి జీపీ సర్జరీకి, అదే మా డాక్టరు క్లినిక్కి, తీసుకెళ్ళి వచ్చేసరికి, ఆవిడ షెడ్డులోంచి ఒక బస్తా తెచ్చి మొత్తం పెరట్లో పాత దుప్పటి మీద మిరపకాయల్లా ఆరబోశారు. ఫిబ్రవరి ఎండ చూడ్డానికే తప్ప వేడికి పనికిరాదు. గాలి నిండా తేమ, దుప్పటి కింద తడి గడ్డి. సాయంత్రానికి పెల్లెట్లు ఉబ్బి, విచ్చి, మళ్ళీ రంపపు పొట్టయిపోయాయి.

"సాయం చేద్దామనుకున్నానమ్మా. ఉన్నవీ పాడుచేశా. నన్ను పంపించెయ్యండి."

నాకు జాలీ వేసింది, భయమూ వేసింది. కానీ ఆ పొట్టును బకెట్టులోకి ఎత్తుతుంటే ఒక సంగతి తట్టింది. చెమ్మ తగిలితే పెల్లెట్లు ఉబ్బుతాయి. మా షెడ్డులో ఉన్నవి ఉబ్బలేదు. పొడిగా ఉండి కూడా చేతిలో పొడుమైపోతున్నాయి. అంటే తప్పు మా షెడ్డుది కాదు, చేసినవాళ్ళది.

మర్నాడు వేరే షాపు నుంచి ఒక బస్తా తెచ్చి, రెండు రకాలూ కిచెన్ టేబుల్ మీద పోశాను. కొత్తవి నున్నగా మెరుస్తున్నాయి, విరిస్తే టక్కుమంటున్నాయి, అప్పుడే కోసిన చెక్క వాసన. మావి ఒళ్ళంతా పగుళ్ళు. రంగు చూసి మురిసిపోకూడదని అప్పుడే తెలిసింది, మావే తెల్లగా ముద్దొస్తున్నాయి మరి. అత్తయ్య ఊరుకోలేక పిండి జల్లెడ తెచ్చి రెండూ జల్లించారు. మా వాటి కింద దోసెడు పొడి మిగిలింది. చివరికి రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి వేశాం. గట్టిగా ఒత్తినవైతే మునగాలి. కొత్తవి అడుక్కి దిగాయి. మావి హాయిగా తేలుతూ కూర్చున్నాయి. అంతా వీడియో తీసి పంపి, ఫోన్ చేశాను.

"గ్లాసులో తేలినంత మాత్రాన ఏమీ రుజువు కాదు మేడమ్," అన్నాడాయన.

"మీ దగ్గరున్న బస్తా ఏదైనా విప్పి మీరూ వేసి చూడండి. నేను లైన్లోనే ఉంటాను."

అవతల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకో బస్తా కోసిన చప్పుడు.

"శుక్రవారం వేరే సరుకు పంపిస్తాను," అన్నాడు.

శుక్రవారం వ్యాన్ వచ్చింది. దించనివ్వకుండా ఒక బస్తా కోసి, గుమ్మంలోనే గ్లాసులో వేసి చూశాను. డ్రైవర్ నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూస్తే చూశాడు. పెల్లెట్లు మునిగాయి, బస్తాలు దిగాయి. ఆ సాయంత్రం స్టవ్‌లో మంట భగభగలాడుతూ నిలబడింది. బూడిద మర్నాటికి పల్చటి పొడిలా రాలింది. టికెట్ మాట నేను ఎత్తలేదు, అడగాలంటే ధైర్యం చాలలేదు.

సోమవారం పొద్దున ఆఫీసు బ్యాగుతో కిందికి దిగాను. అత్తయ్య స్టవ్‌కి కాస్త ఎడంగా నేల మీద కాళ్ళు చాపుకుని, పాపను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఒంటికి నువ్వుల నూనె పట్టిస్తున్నారు. వచ్చిన దగ్గర్నుంచీ చలికి జడిసి పాప ఒంటి మీద చొక్కా కూడా విప్పనిచ్చేవారు కాదు.

"ఇంకా నిలబడ్డావేం? ట్రైన్ పోతుంది," అన్నారు తలెత్తకుండానే. "దీనికి నడకొచ్చేదాకా నేనెక్కడికీ పోను గానీ, నువ్వు వెళ్ళు."