ముప్పై సెకన్ల కిటికీ

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మా హాస్టల్ గదికి కిటికీ లేదు. మూడు ప్లైవుడ్ గోడలు, నాలుగోది పక్క భవనానికి అతుక్కుపోయింది. తలుపు మూసి లైటు ఆర్పితే మిట్టమధ్యాహ్నమైనా కన్ను పొడుచుకున్నా కానరాదు. సెకండ్ హ్యాండ్ కెమెరా కొని లైట్ పెయింటింగ్ పిచ్చిలో పడ్డ నాకు అంతకన్నా ఏం కావాలి? కెమెరా ముప్పై సెకన్లు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆ చీకట్లో టార్చితో నేను ఎక్కడ వెలుగు పూస్తే అక్కడే బొమ్మ వస్తుంది.

నా రూమ్మేటు నాకంటే చిన్నవాడు. ఇద్దరం గ్రూప్స్ ఉద్యోగాల పరీక్ష కోసం వచ్చినవాళ్ళమే. పరీక్ష రెండు నెలలుందనగా వాడికి దగ్గు పట్టుకుని వదల్లేదు. గదిలో గాలి ఆడట్లేదేమోనని ఊళ్ళో వాళ్ళమ్మకు అనుమానం వచ్చి ఫోన్ చేసింది.

“రూముల కిటికీ ఉన్నదా?”

“ఉన్నదమ్మా, పెద్దది.”

“అయితే ఫోటో పెట్టు. లేకుంటే రేపే మీ నాయినను పంపుత. సామాను సదురుకొని ఇంటికొచ్చి చదువుకో.”

ఇంటికి పోతే ఇక చదువు సంగతి అంతే. పొద్దున పొలం, సాయంత్రం బర్రెలు. వాడు పరేషానై నావైపు తిరిగాడు.

“అన్నా, చీకట్ల ఏవేవో బొమ్మలు తీస్తవు గద. జర ఒక కిటికీ గూడ చేసియ్యరాదు.”

చిక్కడపల్లి కిరాణాకొట్టులో అట్టపెట్టె అడుక్కొచ్చి, కిటికీ ఊచల్లా కోశాను. దాని వెనక నుంచి టార్చి వేస్తే గోడమీద అచ్చం ఎండ పడ్డట్టే ఉంటుంది. కెమెరాకు స్టాండు లేదు, పాలిటీ, ఎకానమీ పుస్తకాల దొంతర మీద పెట్టాను. ఆ పుస్తకాలు మా ఇద్దరికీ అంతగా పనికొచ్చిన రోజు మళ్ళీ లేదు.

కదలకురా అంటే సరేనన్నాడు. మొదటిసారి దగ్గాడు, మూడు తలలు వచ్చాయి. రెండోసారి నా చేతిలో టార్చి గుండ్రంగా తిరిగి, దేవుడి పటంలోలా వాడి తల చుట్టూ వెలుగు చక్రం పడింది.

“ఇది పెడితే మా అమ్మ కొబ్బరికాయ కొడ్తది,” అన్నాడు.

మూడోసారి వాడు బుద్ధిగానే కూర్చున్నాడు గానీ వార్డెన్ తలుపు తీశాడు. బయటి వెలుతురు పడి ఫోటో అంతా తెల్లగా వచ్చింది.

“పట్టపగలు లైటార్పుకొని ఏం జేస్తున్నర్రా?”

“కిటికీ పెడ్తున్నం సార్,” అన్నాను, ఒళ్ళు మండి.

“నన్నడగకుండ గోడకు బొక్క గొట్టిన్రా?” అని నా టార్చే లాక్కుని, నాలుగు గోడలూ తడిమి చూసి, దాన్ని తిరిగిచ్చి పోయాడు.

తొమ్మిదోసారికి కుదిరింది. గోడమీద ఊచల ఎండ, ఆ ఎండలో పుస్తకం పట్టుకుని మావాడు. నా పనికి నేనే మురిసిపోయాను. ఫోటో చూసి, మంచి రూమే దొరికిందని వాళ్ళమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది, వాళ్ళ నాయిన ప్రయాణం ఆగింది. సాయంత్రం వాడు నన్ను నారాయణగూడ తీసుకుపోయి ఇరానీ చాయ్ తాగించాడు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఇద్దరం చదువుకుంటుంటే వాళ్ళమ్మ ఫోన్ వచ్చింది. వాడు స్పీకర్‌లో పెట్టాడు.

“టీవీల చూపిస్తున్నరు, మీ దిక్కు వాన మస్తు గొడ్తున్నదట. కిటికీ మూసినవా బిడ్డా? పుస్తకాలు నానుతయ్.”

వాడు లేచి ఎదుటి గోడ దాకా పోయాడు. దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“మూసిన అమ్మా.”

నాకు వాడి మొహం చూడాలంటే సిగ్గేసింది. బయట వాన పడుతోందని మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.